నడినీళ్ళలో నర్సమ్మ

అప్పటికి అమ్మమ్మ ఇంకా ఎవరికీ అమ్మమ్మ కాదు. ఆ ఊరందరికీ నర్సమ్మ. పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేక లేక, ఎప్పుడైనా పై ఆఫీసు నుంచి ఎవరో వచ్చి అసలు పేరు పిలిస్తే, ఆవిడెవరా అని వెనక్కి తిరిగి చూసేది.

ఊరికి మూడు వైపులా నీళ్ళు. నాలుగో వైపు కొండ. కష్టపడి కొండెక్కితే అవతల కనిపించేది ఇంకో కొండ. బయటపడాలంటే లాంచీ ఒక్కటే దారి. అది వారానికి రెండుసార్లు వచ్చేది, అదీ దాన్ని నడిపే సరంగుకి ఒంట్లో బాగుంటే. సరంగుకి ఒంట్లో బాగుండాలంటే అమ్మమ్మ మాత్రలివ్వాలి. ఏదో కొద్ది కాలమే అని చెప్పి పంపితే వచ్చి పదకొండేళ్ళు ఉండిపోయింది.

ఉండడానికి రెండు గదులు. ముందు గది ఆస్పత్రి, వెనక గది కాపురం. మధ్య తలుపుకి గడియ ఎప్పుడో ఊడిపోయింది. కొత్తది వెయ్యమని వడ్రంగిని అడిగితే అతను నిజంగానే బిత్తరపోయాడు.

"గడియెందుకు నర్సమ్మా? నువ్వెక్కడికి పోతావు, మేమెక్కడికి పోతాం?"

అలా అని అక్కడే కూర్చుని నడుంనొప్పి గురించి చెప్పడం మొదలుపెట్టాడు. గడియ సంగతి అంతటితో సరి. అమ్మమ్మ అన్నం తింటుంటే పంటినొప్పివాడు వచ్చి ఎదురుగా నోరు తెరుచుకుని కూర్చునేవాడు. స్నానం చేసి వచ్చేసరికి ఆవిడ మంచం మీద ఎవరో ఒకరు దుప్పటి ముసుగుతన్ని మూలుగుతూ ఉండేవారు. ఎందుకిక్కడ పడుకున్నావంటే "నీ మంచం మెత్తగా ఉంది నర్సమ్మా" అనేవారు. అందులో అబద్ధమేమీ లేదు. కోప్పడడానికీ వీల్లేదు. వాళ్ళు చేపలు తెచ్చేవాళ్ళు, కట్టెలు తెచ్చేవాళ్ళు, అడక్కుండానే ఇల్లు కప్పేవాళ్ళు. అంత ప్రేమగా చూసే మనుషుల మీద అరవడం ఎలాగో అమ్మమ్మకి చేతకాలేదు. ఇప్పుడైతే బాగానే చేతనవుతుంది.

తాతయ్య పట్నంలో బస్సు డిపోలో మెకానిక్కు. ఒకసారి లాంచీ ఇంజను బాగుచెయ్యడానికి ఆ ఊరు వచ్చి, వేలు కోసుకుని, కుట్లు వేయించుకున్నాడు. కుట్లు విప్పించుకునే వంకతో మళ్ళీ వచ్చాడు. విప్పేశాక కూడా వస్తూనే ఉండేసరికి ఇక పెళ్ళి చేసుకోక తప్పలేదు. పెళ్ళి చేసుకుని పెళ్ళాన్ని అక్కడే వదిలి తన డిపోకి తను పోయాడు. ఇద్దరివీ ఉద్యోగాలే, ఏం చేస్తారు. ఆ తర్వాత అమ్మ పుట్టింది. నడక వచ్చిన ఏడు చలికి అమ్మకి రొప్పు పట్టుకుంది. అదే వారం లాంచీ రాలేదు. అందరి పిల్లలకీ మందిచ్చే మనిషి తన పిల్లని ఒళ్ళో పెట్టుకుని, లాంచీ చప్పుడు కోసం చెవులు రిక్కించి కూర్చుంది. పిల్ల గట్టిది కాబట్టి బతికింది. ఆ దెబ్బకి తాతయ్య బెంబేలెత్తిపోయి, పిల్లని పట్నం తీసుకెళ్ళి తన తల్లి చేతిలో పెట్టాడు.

ఇక అప్పట్నుంచీ అమ్మమ్మ నెలకోసారి చుట్టంచూపుగా తన ఇంటికి తను వెళ్ళేది. ఒకసారి అలా వెళ్తే, రెండో తరగతి చదివే అమ్మ తలుపు తీసి, "రండి, కూర్చోండి. నాన్న డ్యూటీకి వెళ్ళాడు" అంది. మంచినీళ్ళు కూడా తెచ్చిపెట్టింది. తండ్రిని 'నువ్వు' అంటుంది, నాయనమ్మని 'నువ్వు' అంటుంది, పక్కింటి ముసలాయన్ని కూడా 'నువ్వు' అంటుంది. అమ్మమ్మకి మాత్రం 'మీరు'.

సాయంత్రం ఆ సంగతి విని తాతయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. "పోనీలేవే, ఒక్కరికైనా మర్యాద ఇవ్వడం నేర్చుకుంది."

అమ్మమ్మ కూడా నవ్వింది. నవ్వి, ఉతకాల్సిన బట్టలేమీ లేకపోయినా దొడ్లోకి వెళ్ళి చాలాసేపు బట్టలుతికింది.

ఆ మర్నాడే అర్జీ పెట్టింది. అది తిరిగి తిరిగి, ఎవరెవరి బల్లల మీదో నిద్రపోయి, చివరికి ఆర్డరై వచ్చింది. పట్నం ఆస్పత్రిలోనే ఉద్యోగం, ఇంటికి నడిచి వెళ్ళేంత దూరం. నెలాఖరులోగా చేరకపోతే ఆ ఖాళీ ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఇంత వరకూ బాగానే ఉంది. అవతలి ఒడ్డున పెద్దాస్పత్రి ఉంది, అందులో పెద్ద డాక్టరు ఉన్నాడు. చెడ్డవాడు కాదు, జాగ్రత్త మనిషి. ఆయన ఒక మెలిక పెట్టాడు.

"నీ బదులు వచ్చే అమ్మాయి ఒక్క టీకాల రోజు తన చేత్తో నడిపించాలి. నువ్వు పక్కన ఉండకూడదు. సాయంత్రం టీకా మందు సీసాలు ఖాళీగా వస్తే నువ్వు వెళ్ళొచ్చు. నిండుగా వస్తే మాత్రం నిన్ను వదల్లేను. పై ఊళ్ళలో కోరింత దగ్గు తిరుగుతోంది. పిల్లల సంగతి నీకు నేను చెప్పాలా?"

చెప్పక్కర్లేదు. అందుకే అమ్మమ్మ సరేనని వచ్చేసింది.

అసలు చిక్కంతా సీసాల దగ్గరే ఉంది. అమ్మమ్మ రాకముందు ఆ ఊరికి సంచీ డాక్టరని ఒకడు లాంచీలో వచ్చేవాడు. వాడికి ఒకటే సంచీ, ఒకటే సిరంజి, ఒకటే సూది. తలనొప్పికీ అదే, కడుపునొప్పికీ అదే, పొడవడం, లుంగీకి తుడవడం, ఇంకొకరికి పొడవడం. ఊళ్ళో సగంమందికి భుజాల మీద చీముగడ్డలు లేచాయి. అమ్మమ్మ అప్పుడు పడుచు, ఉడుకు రక్తం. ఇంటింటికీ తిరిగి చెప్పింది. "నేను తప్ప ఎవరు సూది పట్టుకొచ్చినా చెయ్యి ఇవ్వకండి. దేవుడు దిగొచ్చినా సరే." బళ్ళో పిల్లలచేత కూడా ఎక్కంలా వల్లె వేయించింది. ఊరు ఊరంతా ఆ మాట నేర్చుకుంది. సంచీ డాక్టరు రెండు మూడు సార్లు వచ్చి, ఒక్క చెయ్యి కూడా దొరక్క, తిట్టుకుంటూ లాంచీ ఎక్కి పోయాడు. అమ్మమ్మకి కాళ్ళు నేలమీద ఆనలేదు.

ఆ మాట ఇప్పుడు తన మెడకే చుట్టుకుంది. ఆర్డరు వచ్చాక మొదట ఒకామె వచ్చింది. టీకాల రోజు పందిరి కింద ఐసు పెట్టె పక్కన పెట్టుకుని పొద్దస్తమానం కూర్చుంది. ఊరు ఊరంతా ఎదురుగా గట్టు మీద కూర్చుని ఆమెని చూసింది. చూడ్డానికి బాగుందని కూడా మెచ్చుకుంది. చెయ్యి మాత్రం ఒక్కరూ ఇవ్వలేదు. ఆమె ఏడ్చుకుంటూ వెళ్ళిపోయింది. తర్వాత వచ్చినామె ఏడవలేదు గానీ, మధ్యాహ్నానికల్లా తనకే జ్వరం తెచ్చుకుని పడుకుంది. ఆమెకి మళ్ళీ అమ్మమ్మే మందివ్వాల్సి వచ్చింది.

మూడోసారి ఒక సన్నటి పిల్ల వచ్చింది. చేతిలో ట్రంకు పెట్టె, ముఖం మీద చెమట. ఇదే ఆఖరి అవకాశం, నెలాఖరు ఎదురుగా ఉంది. ఆ పిల్ల లాంచీ దిగీ దిగకముందే అమ్మమ్మ ఊళ్ళోవాళ్ళని కూర్చోబెట్టి, "అప్పుడు చెయ్యి ఇవ్వొద్దన్నది నేనే, ఇప్పుడు ఇవ్వమంటున్నదీ నేనే. రేపు ఈ అమ్మాయి సూదేస్తుంది, వేయించుకోండి" అంది.

ఊరికంతటికీ పెద్ద గొంతు ఒకామెది. మైకు లేకుండానే అవతలి ఒడ్డువాళ్ళని పలకరించగలదని మైకు పెద్దమ్మ అనేవారు. ఆమె లేచి అంది.

"దేవుడు దిగొచ్చినా ఇవ్వొద్దన్నావు కదమ్మాయ్. మరి ఈ పిల్ల దేవుడికంటే పెద్దదా?"

"పెద్దమ్మా, అది మాట వరసకి అన్నాను."

"నువ్వు మాట వరసకి అంటావని మాకేం తెలుసు? నీచేత ఎవరో భయపెట్టి చెప్పిస్తున్నారేమో. మాతో చెప్పు, మేం చూసుకుంటాం."

అమ్మమ్మ అందరి ముందూ తన చెయ్యి చాపి ఆ పిల్లచేత ఒక సూది వేయించుకుంది. "నర్సమ్మకి నర్సమ్మ వేస్తే ఏముంది, వాళ్ళూ వాళ్ళూ ఒకటి" అని తీసిపారేశారు. చివరికి కోపమూ ఏడుపూ కలిసి వచ్చి, "నాకూ ఒక పిల్ల ఉంది, నేను దాని దగ్గరికి పోవాలి" అనేసింది. ఎవరూ కాదనలేదు. వడ్రంగి వెంటనే ఇంకో గది కట్టిస్తానన్నాడు, పిల్లని ఇక్కడికే తెచ్చుకోమన్నాడు. తాతయ్యకి లాంచీ ఇంజను పని శాశ్వతంగా ఇప్పిద్దామని ఇంకొకరన్నారు. ఒక్కొక్కరూ ఒక్కో మంచి మాట అంటుంటే, అమ్మమ్మకి ఒక్కో మాటా ఒక్కో తాడులా తగిలింది.

అందుకే మర్నాడు ఆవిడ ఒక పని చేసింది. పొద్దున్నే లాంచీ టీకాల కోసమని మళ్ళీ వచ్చి ఐసు పెట్టె దింపగానే, తన పెట్టె పట్టుకుని లాంచీ ఎక్కి కూర్చుంది.

"అన్నా, లాంచీని నీళ్ళ మధ్యకి తీసుకెళ్ళి లంగరు దించు. సాయంత్రం సీసాలు వచ్చేదాకా ఒడ్డుకి రావద్దు."

సరంగు గుడ్లు తేలేశాడు. "ఇదేం పిచ్చి చెల్లెమ్మా? నాకు ఒడ్డున టీ ఉంది, నిద్ర ఉంది, నలుగురితో కబుర్లున్నాయి."

"నేను ఒడ్డున ఉంటే చెయ్యి పట్టుకుని లాక్కుపోతారు. నీళ్ళలో ఎవరు లాగుతారు?"

"నిన్ను నువ్వు బంధించుకో, కాదన్లేదు. మధ్యలో నేనేం పాపం చేశాను?"

గొణుక్కుంటూనే లంగరు దించాడు. గొణుక్కుంటూనే గుడ్డ ముఖం మీద కప్పుకుని పడుకున్నాడు. లాంచీ అక్కడక్కడే అటూ ఇటూ ఊగింది. అమ్మమ్మకి అక్కణ్ణుంచి పందిరి కనిపిస్తోంది, పందిరి కింద తెల్ల బట్టల్లో ఆ పిల్ల కనిపిస్తోంది, గట్టు మీద పిల్లల్ని చంకనేసుకుని కూర్చున్న ఊరు కనిపిస్తోంది. ఎవరూ లేవడం లేదు. ఎండ ఎక్కింది. ఇనప రేకులు కాలుతున్నాయి. లాంచీలో ఆ చివరి నుంచి ఈ చివరికి నాలుగు అడుగులు వేస్తే అయిపోయింది. వెనక్కి తిరిగి మళ్ళీ నాలుగడుగులు. కాలుగాలిన పిల్లికైనా ఇల్లిల్లూ తిరిగే భాగ్యం ఉంటుంది. ఆవిడకి అదీ లేదు.

ఐసు కరిగిపోతూ ఉంటుందని ఆవిడకి తెలుసు. కరిగాక మందు పనికిరాదు. పై ఊళ్ళ దగ్గు కొండ దిగడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదని కూడా తెలుసు.

అంతలో ఒక చిన్న పడవ బయల్దేరి తిన్నగా లాంచీ వైపే వచ్చింది. తెడ్డు వేస్తున్నది మైకు పెద్దమ్మ కోడలు. ముందు కూర్చున్నది పెద్దమ్మ. ఒళ్ళో బోడిగుండుతో మనవడు.

"ఏమ్మాయ్, నీళ్ళలో దాక్కుంటే నిన్ను కనిపెట్టలేమనుకున్నావా?"

"దాక్కోలేదు పెద్దమ్మా. మీరు ఆ పిల్ల దగ్గరికి పొండి."

"పోతాం. ఎవరు పోమన్నారు, నువ్వేగా. నీ మాట కాదంటామా?" పెద్దమ్మ పడవలో లేచి నిలబడి మనవణ్ణి రెండు చేతులా పైకెత్తి లాంచీ అంచుదాకా చాపింది. "నువ్వొక్కసారి వీడిమీద చెయ్యివెయ్యి. నీ చెయ్యి పడితే చాలు, సూది ఎవరు పొడిచినా మాకు పర్లేదు. వీడికి వేశావంటే వెనక అందరూ వస్తారు, పడవలు సిద్ధంగా ఉన్నాయి."

అమ్మమ్మ గట్టు వైపు చూసింది. నిజమే, పడవలు వరసగా ఉన్నాయి. చెయ్యి చాపితే అయిపోతుంది. సాయంత్రానికి సీసాలు ఖాళీ, తను పట్నంలో. వచ్చే నెల టీకాల రోజు? ఆ పై నెల? చెయ్యి వెయ్యడానికి మళ్ళీ ఎవరు రావాలి? డాక్టరు కబురంపుతాడు, సరంగు పట్నందాకా వచ్చి తలుపు కొడతాడు, తను వచ్చి తీరుతుంది. పిల్లలకి దగ్గొస్తుందంటే రాకుండా ఉండగలిగే మనిషి కాదు తను. చెయ్యి వెయ్యకపోతే ఈ బోడిగుండు మందు లేకుండా ఇంటికి పోతాడు.

వాడు గాల్లో వేలాడుతూ ఆవిణ్ణి చూసి నవ్వాడు. వాణ్ణి కడుపులోంచి బయటికి తీసింది ఆవిడే. అమ్మమ్మ రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటిమీద కూర్చుంది.

"అదేం కూర్చోవడం?" అంది పెద్దమ్మ. "నా చేతులు లాగేస్తున్నాయి. తొందరగా కానీ."

"పెద్దమ్మా, ఇన్నేళ్ళలో నా సూది ఎప్పుడైనా చూశావా?"

"నీ సూది చూసేదేంటి, నిన్ను చూస్తే చాలదా?"

ఆ మాటతో అమ్మమ్మకి చిక్కెక్కడుందో తెలిసొచ్చింది. తను నేర్పిన పాఠం అక్షరం పొల్లుపోకుండా వచ్చింది వాళ్ళకి. పాఠమే తప్పు. సూదిని చూడమని చెప్పాల్సింది పోయి, తన ముఖం చూడమని చెప్పింది. చెప్పినప్పుడు అందులో కాస్త గొప్ప కూడా లేకపోలేదు. ఈ సంగతి అమ్మమ్మ ఎప్పుడు చెప్పినా ఇక్కడ కాస్త దగ్గుతుంది.

"పిల్లాణ్ణి దించు, నా మాట విను. ఆ సంచీవాడి తప్పు వాడి ముఖంలో లేదు, సూదిలో ఉంది. ఉడకని సూది. నేను రోజూ గిన్నెలో నీళ్ళు పోసి ఉడకబెడతాను, వెనక గదిలో. మీకెప్పుడూ చూపించలేదు. చూపించి ఉండాల్సింది."

"అయితే?"

"నువ్వెళ్ళి ఆ పిల్ల పక్కన నిలబడు. నీళ్ళు తెర్లాలి, సూదులు గిన్నెలో టకటకలాడాలి, ఆ చప్పుడు నీ చెవులతో నువ్వు వినాలి. ఒక పిల్లాడికి పొడిచిన సూది మళ్ళీ గిన్నెలో ఉడక్కుండా ఇంకో పిల్లాడి దగ్గరికి వచ్చిందనుకో, చెయ్యి పట్టుకుని ఆపెయ్. ఉడికిన సూదైతే ఎవరు పట్టుకున్నా ఒకటే."

"నేనా?" పెద్దమ్మ గొంతు మొదటిసారి మామూలు మనుషుల గొంతులా పలికింది. "నర్సమ్మ చెయ్యి నేను పట్టుకుని ఆపొచ్చా?"

"నాదైనా ఆపొచ్చు."

"నీదైనా?" పెద్దమ్మ చాలాసేపు ఆవిణ్ణి ఎగాదిగా చూసింది. ఇన్నేళ్ళూ తమని ఎవరో మోసం చేశారన్నట్టు చూసింది. తర్వాత మనవణ్ణి చంకలో ఇరికించుకుని కూర్చుంది. "తిప్పవే పడవ" అంది కోడలితో.

సరంగు గుడ్డ కిందనుంచి "పోతున్నారా?" అని అడిగాడు. అమ్మమ్మ పడవ వెంటే చూసింది. గట్టు మీద ఏదో గలాభా జరిగింది. పందిరి కింద స్టవ్ వెలిగించినట్టు నీలంగా కనిపించింది. నీళ్ళమీదుగా పెద్దమ్మ మాట స్పష్టంగా వచ్చింది.

"ఇంకా తెర్లలేదు. మూత పెట్టు. అంత తొందరైతే ఇంట్లో కూర్చోవాల్సింది."

ఆ తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత ఒక పసివాడు గుక్కపట్టి ఏడ్చాడు. ఆ ఏడుపు బోడిగుండుదే, పోలికంతా నాయనమ్మది. అమ్మమ్మ కూర్చున్నచోటే లాంచీ కమ్మీ పట్టుకుంది. కాసేపటికి ఇంకో ఏడుపు. ఇంకొకటి. గట్టు మీది ఊరు మెల్లగా పందిరి కిందికి జరిగింది.

సంతోషం వేసిందా అంటే, ముందు కాస్త రోషం వేసింది. పదకొండేళ్ళు తనే ప్రాణం అన్నవాళ్ళు ఒక్క గిన్నెడు నీళ్ళు మరిగేలోపు ఇంకొకరికి చెయ్యి ఇచ్చేశారే అనిపించింది. ఆ పిల్ల ఒకసారి పందిరి బయటికి వచ్చి నీళ్ళ వైపు చూసి "అక్కా, మూడోసారి ఉడకబెట్టమంటోంది ఈవిడ" అని కేకేసింది. అమ్మమ్మ సగం లేచింది. లేచి, మళ్ళీ చేతులమీద కూర్చుంది. పలికితే ఊరంతా మళ్ళీ ఇటే తిరుగుతుంది.

"పలకవే?" అన్నాడు సరంగు.

"నేనిక్కడ లేను."

"మరి నాతో మాట్లాడేదెవరు?"

"నువ్వు పడుకో అన్నా."

ఎండ వాలాక లాంచీ ఒడ్డు చేరింది. ఆ పిల్లే స్వయంగా ఐసు పెట్టె మోసుకొచ్చింది. జుట్టు రేగిపోయి, ముంజేతి మీద ఆవిరి కాలిన ఎర్రమచ్చతో ఉంది. మూత తీసి చూపించింది. సీసాలన్నీ ఖాళీ. అమ్మమ్మ ఒక్కో సీసానీ పైకెత్తి వెలుతురుకి పెట్టి చూసింది. డాక్టరైనా అంత జాగ్రత్తగా చూసి ఉండడు.

"బాగా చేశావు" అంది. తర్వాత గొంతు తగ్గించి, "ఒకటి గుర్తుపెట్టుకో తల్లీ. నీ దగ్గరికే రమ్మని ఎప్పుడూ ఎవరితోనూ అనకు. ఎంత ముద్దొచ్చినా అనకు" అంది.

"నేనేమీ అనలేదక్కా." ఆ పిల్ల అలసటగా నవ్వింది. "ఆ పెద్దమ్మే అంది. ఇంత బాగా ఉడకబెట్టేదాన్ని ఎక్కడా చూడలేదట. ఇకనుంచి నా గిన్నె తప్ప ఎవరి గిన్నెనీ నమ్మొద్దని గట్టు మీద నిలబడి అందరికీ చెప్పేసింది."

గట్టు మీద పెద్దమ్మ ఇంకా చెబుతూనే ఉంది. జనం చుట్టూ చేరి తలలూపుతున్నారు. అమ్మమ్మ ఒక కాలు లాంచీలో, ఒక కాలు చెక్క మీద పెట్టి నిలబడింది. దిగి వెళ్ళి ఆ మాట సరిదిద్దాలంటే చీకటి పడుతుంది. చీకట్లో సరంగు లాంచీ నడపడు. ఉదయానికి ఎవరికో ఒకరికి జ్వరం వస్తుంది.

ఆ పిల్ల ముఖంలోకి ఒకసారి చూసింది. చెక్క మీది కాలు కూడా తీసి లాంచీలో పెట్టింది.

"అన్నా" అంది, ఒడ్డుకి వీపు తిప్పి. "ఇంజను వెయ్యి."